కావలి

ఏం ఆడతా ఉండావే ఈమధ్య, అని అడిగావు కదా సుగుణా,
నవ్వనంటే చెప్తా.

అడివి ఆట.
మా పాప ఫోన్లో వేసుకోని, పరీక్షలని వదిలేసింది.
తుడిపేద్దామని తెరిచా.
తెరిచినదాన్ని తెరిచినట్టే ఉండిపోయా,
ట్రంకురోడ్డు మీద బస్సులు తగ్గినాక,
ఆఖరి జాకెట్టుకి హుక్కులు కుట్టినాక,
రాత్రి పదకొండింటికి.

చీకటి పడితే మంట వెయ్యాల.
మంట ఆరితే తోడేళ్ళు వస్తాయి. అంతే ఆట.
మొదటి వారం ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు.
చెట్టు కొట్టబోయి నా మంటనే నేను కొట్టుకున్నా ఒకసారి.
నవ్వనన్నావు.

సూదిపోట్లకి మొద్దుబారిన బొటనవేలు
తెర మీద జారదు, తెలుసా,
గీరుతుంది.
దారం కొసని తడిపినట్టు
నాలికతో తడిపి ఆడతా.

ఆటలో ఒకడు కలిశాడు. పేరుకి బదులు అంకెలు.
తప్పుగా అనుకోబాక.
"అక్కా, కట్టెలు నేను తెస్తా, నువ్వు మంట చూడు."
అంతకుమించి మాట లేదు పదిరోజులు.
వాడి వెనకాల ఎప్పుడూ ఒక హోరు.
సముద్రమేమో అనుకున్నా.
నా పక్కన మా తోడికోడలు తొక్కే మిషను చప్పుడు విని
ఈ అక్క రోజూ రైల్లోనే ఉంటదేంది
అనుకున్నాడంట వాడు.

పోయిన మంగళారం
తూర్పున ఒక ఉరుము.
ఫ్యాను ఆగింది. లైటు పోయింది.
"కరెంటు పోయింది" అన్నా.
"మాకూ" అన్నాడు,
నా మాట పూర్తి కాకముందే.
"ఏ ఊరబ్బయ్యా నీది?"
"ఇసకపల్లి. రొయ్యల గుంటల కాడ."

అప్పుడు తెలిసింది,
వాడి వెనకాల హోరు లేదు.
ఇన్నాళ్ళూ నేను సముద్రమనుకున్నది
ఏరేటర్లంట.

"అక్కా, జనరేటరు..."
అంతే. ఫోను ఎక్కడ పడేశాడో,
బురదలో పరిగెత్తే కాళ్ళు,
ఎవర్నో లెమ్మని కేకలు,
చిన్నగా నీళ్ళ చిటపట.
గాలందకపోతే రొయ్యలు పైకి తేలి గట్టుకొస్తాయంట.
గంట ఆగితే
ఏడాది అప్పంతా తెల్లగా తేలుద్దంట.
ఇయ్యన్నీ తర్వాత చెప్పినవి.

ఆటలో మాత్రం వాడు అక్కడే నిలబడి ఉన్నాడు
చేతుల్లో కట్టెలమోపు,
రెప్ప లేకుండా, వానలో.
మంట సన్నగిల్లింది.
చెట్ల మధ్య రెండు కళ్ళు. నాలుగు. పది.

నాకు కొట్టడం రాదు సుగుణా.
వచ్చిందల్లా మంట చూడటమే.
విల్లు వేశా మంటలో.
పదిరోజులు కూడబెట్టిన తోళ్ళు వేశా.
గుడారం పీకి వేశా.
వాడి చుట్టూ తిరగతానే ఉన్నా,
ఇంట్లో కన్ను పొడిచినా కానరాని చీకటి,
ఫోన్లో పదకొండు శాతం.
మా ఆయన లేచి, ఎవరితోనే గొడవ? అన్నాడు.
తోడేళ్ళతో, అన్నా.
పక్కకి తిరిగి పడుకున్నాడు.

ఇరవై రెండు నిమిషాలు.
ముందు జనరేటరు దగ్గింది.
ఆగి, మళ్ళా దగ్గింది.
తర్వాత ఒక ఏరేటరు, ఇంకొకటి, ఇంకా ఒకటి,
నా సముద్రం నాకు తిరిగొచ్చింది.

రొప్పతా వచ్చాడు.
"చచ్చిపోయుంటా కదక్కా?"
తెర చూసుకున్నాడేమో, కాసేపు మాట లేదు.
"గుడారం ఏదీ?"
"కాల్చేశా. రొయ్యలు?"
"రెండో గుంటలో కొన్ని పోయినయ్యి.
మిగతాయి కిందికి దిగినయ్యి."
డీజిలు చేతులు తుడుచుకుంటా ఉన్నట్టుంది, గుడ్డ చప్పుడు.
"నీదే ఊరక్కా?"
"కావలి."

నవ్వాడు వాడు.
ఎందుకు నవ్వాడో
పొద్దున కాజాలు కుట్టేటప్పుడు గానీ నాకు తట్టలా.

వాడి పేరు దేవరాజంట.
శుక్రారం పట్టుబడి, ఆ రెండు రోజులు రాడు.
గుడారం మళ్ళా మొదట్నించి కట్టాల,
తోళ్ళు లేవు, తాడు లేదు.
ముగ్గురు ఆడొచ్చు సుగుణా.
రాత్రికి ఫోను నిండా చార్జింగు పెట్టుకో.